చూస్తూ నడిపించడమా, చూడకుండా నడవనివ్వడమా: ఏది మేలు?

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక మనిషి నాణెం ఎగరేస్తూ, బొమ్మ పడితే కోట వైపు, బొరుసు పడితే దానికి ఎదురు దిక్కుకు అడుగు వేస్తున్నాడనుకుందాం. వంద అడుగులు వేసినా అతడు చాలా మటుకు బయలుదేరిన చోటికి పది, ఇరవై అడుగుల లోపే తచ్చాడుతుంటాడు, ఎందుకంటే ఈ యాదృచ్ఛిక నడకలో విస్తరణ, అంటే బయలుదేరిన చోటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదురుతాడన్నది, అడుగుల సంఖ్యకు వర్గమూలంగానే పెరుగుతుంది.

1993లో అహరనోవ్, డేవిడోవిచ్, జగూరీ అనే భౌతిక శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన క్వాంటం నడకలో, అంటే పరమాణువు లాంటి సూక్ష్మ కణం నడిచే నడకలో, నాణెం బొమ్మా బొరుసూ కలగలిసిన స్థితిలో ఉంటుంది. ఇక్కడ విస్తరణ అడుగుల సంఖ్యకు అనులోమంగా పెరుగుతూ, వంద అడుగులకు సుమారు 54 అవుతుంది.

తేడా మూడో అడుగులో మొదలవుతుంది. రెండడుగుల వరకు రెండు నడకల సంభావ్యతలూ ఒకటే. మూడో అడుగు తర్వాత, మామూలు నడకలో కోట వైపు ఒక అడుగు దూరాన ఉండే అవకాశం ఎనిమిదింట మూడు వంతులు, ఎదురు వైపు ఒక అడుగు దూరానా అంతే. బొమ్మతో మొదలైన క్వాంటం నడకలో మాత్రం ఒక వైపు దారులు ఒకదాన్నొకటి బలపరచుకోగా అది ఐదు వంతులవుతుంది, మరో వైపు దారులు కొన్ని పరస్పరం రద్దై ఒక్క వంతే మిగులుతుంది.

ప్రతి అడుగుకూ నాణేన్ని కొలిచి చూస్తే ఈ రద్దులు జరగవు, నడక మళ్లీ వర్గమూలానికే దిగుతుంది. ఇందులో మనిషి చూపుకు ప్రత్యేక మహిమ ఉందనడం నాకు అతిగా తోస్తుంది. దారి తప్పి వచ్చి తగిలిన ఒక ఫోటాన్ (కాంతి కణం) నాణెం స్థితిని తనతో మోసుకుపోయినా అదే ఫలితం. అయితే సాధ్యమైన ఫలితాలలో ఒక్కటే మనకు ఎందుకు కనబడుతుందన్న చిక్కు దీనితో తీరదు.

2009లో జర్మనీలోని బాన్ నగరంలో లేజర్ కాంతితో వలలా అల్లిన జాలకంలో ఒకే సీజియం పరమాణువును ఇలా నడిపించారు.

దూరం చేరడమే లక్ష్యమైతే చూడకపోవడమే మేలు. కానీ క్వాంటం నడక అంచుల దగ్గరే శిఖరాలు కట్టి, నడుమ పలచబడుతుంది. కొంత పరిధి అంతటా సమంగా పరచుకోవాలంటే అప్పుడప్పుడు స్వల్పంగా కొలవడమే నయమని 2003లో వివ్ కెండన్, బెన్ ట్రెగెన్నా అనే భౌతిక శాస్త్రవేత్తలు లెక్కకట్టి చూపారు. నన్నడిగితే ఈ మూడో దారికే నా ఓటు.