వెలగని ఇన్వర్టర్ దీపానికి చవక మల్టీమీటర్ సరిపోతుందా?

ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలలో రెండు మూడు వందల రూపాయలకు దొరికే పసుపు రంగు 830 రకం డిజిటల్ మల్టీమీటరును (వోల్టేజీ, రెసిస్టెన్స్ వంటివి కొలిచే పరికరాన్ని) ఆటవస్తువుగా కొట్టిపారేసేవారు ఉన్నారు. మా ఇన్వర్టరులో కరెంటు ఉన్నా ‘మెయిన్స్’ (బయటి నుంచి కరెంటు వస్తోంది) అని రాసిన ఎర్ర దీపం వెలగడం మానేసినప్పుడు దీనితోనే లోపం వెతికాను గనుక, దీని మంచిచెడ్డలను ఆ పని వరకే చెబుతాను.

మీటరు చేతిలోకి తీసుకోకముందే, దీపం చెడిపోయిందా లేక యంత్రానికి కరెంటు అందడం లేదని అది ఉన్నమాటే చెబుతోందా అన్నది తేల్చుకోవాలి. బ్యాటరీ ఛార్జి అవుతూ, కరెంటు వచ్చిపోయినప్పుడల్లా లోపలి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) టిక్కుమంటూ ఉంటే, అనుమానించవలసినవి దీపంగా వాడే ఎల్‌ఈడీ, దానిలోకి పోయే కరెంటును తగ్గించే రెసిస్టరు, వాటిని బోర్డుకు అతికించే టంకం. ఛార్జింగే లేకపోతే ముందు ఫ్యూజు చూడాలి. దీపం జోలికి పోనక్కరలేదు.

ప్లగ్గు తీసి, బ్యాటరీ తీగలు విప్పి, పెద్ద కెపాసిటర్లలో (ఛార్జి నిలవ ఉంచే భాగాలలో) ఛార్జి మిగలలేదని కొలిచి చూసుకున్నాకే బోర్డును తాకాలి. మీటరును డయోడ్ గుర్తు దగ్గరకు తిప్పి, ఎర్ర ప్రోబును (మీటరు తీగ మొనను) ఎల్‌ఈడీ ఆనోడుకు (ప్లస్ కాలికి), నల్లదానిని కాథోడుకు (మైనస్ కాలికి) ఆనిస్తే, బాగున్న ఎర్ర ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది, తెర మీద సుమారు 1,700 నుంచి 1,900 మిల్లీవోల్టుల అంకె కనిపిస్తుంది. ఈ తెర 1999 దాటి చూపలేదు. అందువల్ల కొన్ని ఆకుపచ్చ దీపాలు వెలుగుతూనే ఉన్నా ఎడమ మూల ‘1’ మాత్రమే నిలుస్తుంది, దానిని చూసి దీపం పోయిందని తీర్పు చెప్పకూడదు. నీలం, తెలుపు ఎల్‌ఈడీలకు సుమారు 3 వోల్టులు కావాలి, ఈ మీటరు అంత ఇవ్వకపోవచ్చు గనుక అవి వెలగకపోయినా అది రుజువు కాదు. వాటిని 5 వోల్టుల సరఫరాకు 1 కిలో ఓమ్ రెసిస్టరు ద్వారా కలిపి చూడడమే మేలు.

ఈ పరీక్షలో మా దీపం వెలిగింది. గోధుమ, నలుపు, ఎరుపు చారల (అంటే 1 కిలో ఓమ్) రెసిస్టరు కూడా ఆ విలువకు దగ్గరగానే చూపింది. మిగిలింది టంకం. 200 ఓమ్‌ల స్థాయిలో ఒక ప్రోబును ఎల్‌ఈడీ కాలికి, రెండోదానిని ఆ కాలు అతికి ఉండే బోర్డు మీది రాగి గీతకు పెట్టి కాలిని కొద్దిగా కదిపితే, అంకె ఒకసారి వచ్చి మరోసారి మాయమైంది. భూతద్దంతో చూస్తే కాలి చుట్టూ సన్నని వలయంలా పగులు కనిపించింది. ముందు పలక రంధ్రం దాకా అందడానికి ఎల్‌ఈడీని పొడుగు కాళ్ల మీద నిలబెట్టడం వల్ల, పలకను నొక్కినప్పుడల్లా ఆ ఒత్తిడి టంకం మీదే పడుతుంది. బోర్డు మార్చాలని అంచనా వేసే ముందు సర్వీసు వారు ఇది చూస్తే బాగుంటుంది. 60/40 (తగరం, సీసం పాళ్లు) టంకంతో మళ్లీ అతికించాక దీపం మామూలుగా వెలుగుతోంది.

మీటరుకు లోపాలు లేకపోలేదు. వెంట వచ్చే ప్రోబుల తీగలు పిడి దగ్గర తెగుతాయి, వాడాక ఆపడం మరిస్తే 9 వోల్టుల బ్యాటరీ అయిపోతుంది, 10 ఆంపియర్ల రంధ్రానికి లోపల ఫ్యూజు ఉండదు. బోర్డు మీది చిన్న వోల్టేజీలకు దీనిని నిశ్చింతగా కొనవచ్చు. 230 వోల్టుల వైపు కొలవడానికి మాత్రం మంచి రక్షణ ఉన్న ఖరీదైన మీటరే తీసుకోవాలి.