కార్వర్-హాకై అరీనాలో కుస్తీ సాయంత్రం: ఆ టికెట్ డబ్బు ఏ పనికి వస్తుంది

అమెరికాలోని అయోవా సిటీలో, అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన కార్వర్-హాకై అరీనాలో కళాశాల రెజ్లింగ్ (కుస్తీ) చూడడానికి డబ్బు పెట్టడం దండగ కాదా అని సెడార్ ర్యాపిడ్స్‌లో ఉండే తెలుగు మిత్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ ఉన్న శనివారాల్లో ఊరంతా నలుపు, పసుపుపచ్చ చొక్కాలతో కదిలిపోవడం చూసినవారికి, గడ్డకట్టే జనవరి రాత్రి కేవలం కుస్తీ కోసం పద్నాలుగు వేలకు పైగా జనం ఒకచోట చేరతారంటే నమ్మబుద్ధి కాదు. మూడు సీజన్లుగా వెళుతున్నవాడిగా, వీలైతే ఒక్కసారైనా వెళ్లి తీరమని చెబుతాను. ఆట బాగుంటుందన్నది ఒక కారణం. ఫుట్‌బాల్ పక్కన కుస్తీ ఇంకా బతికి ఉండడంలో ఆ కుర్చీల్లో కూర్చునే మనిషి పాత్ర ఎంత ఉందో తెలిశాక నాకు ఆ టికెట్ విలువ మరింత పెరిగింది.

అరీనాను లోయలాంటి పల్లంలో దింపి కట్టారు. బయటి నుంచి నేరుగా లోపలికి అడుగుపెడితే మనం పైవరుసలో ఉంటాం, గోదా ఎక్కడో కింద బావి అడుగున ఉన్నట్టు కనిపిస్తుంది. మెట్లు దిగుతున్న కొద్దీ చప్పుడు పెరుగుతుంది. 125 పౌండ్ల నుంచి 285 పౌండ్ల దాకా పది బరువు తరగతుల్లో పది కుస్తీలు, ఒక్కొక్కటి ఏడు నిమిషాలు. ప్రత్యర్థిని కిందకు పడదోసి అదుపులోకి తెచ్చుకుంటే మూడు పాయింట్లు. రెండు భుజాలూ చాపకు ఆనించి చిత్తు చేస్తే ఆ కుస్తీ అక్కడితో ముగిసి, జట్టుకు ఆరు పాయింట్లు దక్కుతాయి. కొత్తవారికి ఈ రెండు సంగతులు తెలిస్తే చాలు, మిగతాది పక్కసీటులోని పెద్దాయన చెబుతారు. అడగకుండానే చెబుతారు.

మొదటి ఏడాది నేను గోదాకు ఏడో వరుసలో కూర్చున్నాను. ఒక కుర్రవాడు ప్రత్యర్థిని వెల్లకిలా తిప్పాడు. రిఫరీ బోర్లా పడుకుని, చెంప చాపకు ఆనించి, భుజానికీ చాపకూ మధ్య ఎంత సందు మిగిలిందో చూస్తున్నాడు. కింద ఉన్నవాడి మడమలు చాపను తన్నుతున్నాయి, మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి. జనమంతా ఒక్కసారిగా లేచారు, రిఫరీ అరచెయ్యి చాప మీద పడిన చప్పుడు నాకు వినపడలేదు, చెయ్యి పడడం మాత్రమే కనిపించింది. మరుక్షణం ఇద్దరు పిల్లలు తువ్వాళ్లు, సీసా పట్టుకుని పరుగున వచ్చి, చాప మీది నెత్తురు మరకను తుడిచి వెళ్లారు. దసరాకు మా ఊళ్లో మట్టి గోదాలో పట్టిన కుస్తీలు చూసి పెరిగిన నాకు, ఆ రాత్రి చాలా ఏళ్ల తరవాత అదే ఒళ్లు జలదరింపు కలిగింది.

ఇక డబ్బు సంగతికి వస్తాను. పెద్ద విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాల్లో ప్రధానంగా సంపాదించేది ఫుట్‌బాల్, దాని తరవాత పురుషుల బాస్కెట్‌బాల్. అయోవా సభ్యురాలిగా ఉన్న బిగ్ టెన్ అనే విశ్వవిద్యాలయాల క్రీడా సమాఖ్య 2023లో మొదలైన ఏడేళ్ల టెలివిజన్ ఒప్పందాలకు 700 కోట్ల డాలర్లకు పైగా పొందిందంటే, అది ఫుట్‌బాల్ పుణ్యమే. ఒకే ఇంట్లో సంపాదించే అన్నయ్య మీద ఆధారపడిన తమ్ముళ్లలాంటివి మిగతా ఆటలు. అన్నయ్యకు జలుబు చేస్తే తమ్ముళ్లు పస్తులుండాలి. 2020 ఆగస్టులో కోవిడ్ వల్ల బిగ్ టెన్ ఫుట్‌బాల్ వాయిదా పడగానే, అయోవా విశ్వవిద్యాలయం పురుషుల జిమ్నాస్టిక్స్, పురుషుల టెన్నిస్, పురుషుల, మహిళల ఈత జట్లను రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. మహిళల ఈత జట్టు కోర్టు పోరాటం తరవాత తిరిగి వచ్చింది, మిగతావి రాలేదు. రెజ్లింగ్ జోలికి ఎవరూ పోలేదు. 15 జాతీయ జట్టు టైటిళ్లు గెలిపించిన కోచ్ డాన్ గేబుల్ కాలం నుంచి పేరుకున్న కీర్తి అందుకు కొంత కారణం. టికెట్ కొని కుర్చీ నింపే జనం, అడగక ముందే చెక్కు రాసే దాతలు అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. ఆ అరీనా పేరులోని కార్వర్ కూడా ఒక దాత పేరే.

ఈ అదృష్టం అన్నిచోట్లా లేదు. 1980ల మొదట్లో 150కి దగ్గరగా ఉన్న డివిజన్ 1 (కళాశాల క్రీడల్లో పై స్థాయి) రెజ్లింగ్ జట్లు ఇప్పుడు 80కి అటూ ఇటూగా మిగిలాయి. ఫ్రెస్నో స్టేట్ తన జట్టును 2006లో తీసివేసి, 2017లో తిరిగి తెచ్చి, 2020లో మళ్లీ తీసివేస్తున్నట్టు ప్రకటించింది. స్టాన్‌ఫర్డ్ వంటి సంపన్న విశ్వవిద్యాలయం కూడా 2020 జూలైలో రద్దు చేసిన 11 ఆటల జాబితాలో రెజ్లింగ్‌ను చేర్చింది. ఆ మరుసటి మార్చిలో స్టాన్‌ఫర్డ్ కుస్తీవీరుడు షేన్ గ్రిఫిత్ కళాశాల పేరు లేని నల్లని దుస్తుల్లో జాతీయ చాంపియన్ అయ్యాడు, పూర్వ విద్యార్థులు నిధి కూడగట్టారు, మే నెలలో విశ్వవిద్యాలయం నిర్ణయం మార్చుకుంది. 2008లో అరిజోనా స్టేట్‌లోనూ జట్టును నిలబెట్టింది దాతలే.

ఈ రద్దులన్నింటికీ మహిళలకు సమాన అవకాశం కల్పించాలన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టాన్ని తప్పుపట్టడం స్టాండ్లలో తరచుగా వినిపించే మాట. నేను దాన్ని ఒప్పుకోను. ఒక్క ఫుట్‌బాల్ జట్టే వంద మందికి పైగా పురుషుల స్థానాలను తీసుకుంటుంటే, స్త్రీ పురుషుల స్థానాల లెక్క సరిచేయడానికి కత్తి చిన్న ఆటల మెడ మీద పడుతోంది. పైగా రెజ్లింగ్‌కు ఇప్పుడు ఊపిరి పోస్తున్నది ఆడపిల్లలే. అయోవా 2021లో మహిళల జట్టును ప్రకటించింది, 2023-24లో అది బరిలోకి దిగి మొదటి సీజన్‌లోనే జాతీయ టైటిల్ గెలిచింది. మహిళల పోటీలు చూడడం కూడా ఈ అరీనాలో దొరికే మంచి అనుభవాల్లో ఒకటి. కుటుంబంతో వెళ్లేవారికి ముందుగా వాటినే సూచిస్తాను.

కళాశాల క్రీడాకారులు వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ రాజీ ఒప్పందం ఈ లెక్కలను మరింత బిగించింది. దాని ప్రకారం 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు, అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుందన్నది అందరికీ తెలిసిన విషయమే. రెజ్లింగ్‌కు ఇదివరకు 9.9 స్కాలర్‌షిప్‌ల పరిమితి ఉండేది, దాన్నే జట్టంతా పంచుకునేవారు. ఒప్పందంలో చేరిన చోట ఇప్పుడు ఆ పరిమితి లేదు గానీ జట్టు 30 మందికి మించకూడదు. డబ్బున్న చోట ముప్పై మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. లేని చోట, స్కాలర్‌షిప్ లేకపోయినా సొంత ఖర్చుతో వచ్చి, నాలుగేళ్లు కష్టపడి పైకొచ్చే కుర్రవాడికి తలుపు మూసుకుంటుంది. నాకు బాధ కలిగించేది ఈ రెండో సంగతే.

ఫుట్‌బాల్‌తో కుస్తీకి శత్రుత్వం అక్కరలేదని 2015 నవంబరు 14న అయోవా నిరూపించింది. ఆ రోజు ఉదయం కిన్నిక్ ఫుట్‌బాల్ స్టేడియం మధ్యలో చాప పరిచి ఓక్లహోమా స్టేట్‌తో తలపడితే 42,287 మంది చూశారు, రాత్రి అదే మైదానంలో మినెసోటాతో ఫుట్‌బాల్ ఆడారు. నేను అప్పటికి ఈ రాష్ట్రానికి రాలేదు.

టికెట్ విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. ఇటీవలి సంవత్సరాల్లో సీజన్ టికెట్లు ముందే అమ్ముడుపోతున్నాయి కనుక చాలామంది మారు అమ్మకం యాప్‌లను ఆశ్రయిస్తారు. అలాంటి ఒక యాప్‌లో నేను చివరి మెట్టు దాకా వెళ్లాక, చూపిన ధర మీద మూడో వంతు రుసుము అదనంగా పడింది. ఆ రుసుము తీసుకునేది యాప్. వెళ్లలేకపోతున్న సీజన్ టికెట్‌దారు ఎవరైనా పరిచయం ఉంటే వారి దగ్గర కొనడం మేలు. అరీనా అనుభవానికి ఐదుకు ఐదు ఇస్తాను, టికెట్ సంపాదించే మార్గానికి రెండున్నర.

టికెట్ దొరకనివారు అరగంట కారు ప్రయాణంలో ఉన్న మౌంట్ వెర్నన్‌కు, కార్నెల్ కళాశాలకు వెళ్లవచ్చు. 1947లో ఈ చిన్న కళాశాల పెద్ద విశ్వవిద్యాలయాలన్నింటినీ ఓడించి జాతీయ టైటిల్ గెలుచుకుంది. ఇప్పుడు చిన్న కళాశాలల స్థాయి అయిన డివిజన్ 3లో ఉంది, అక్కడ క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు. లెక్క అక్కడ తలకిందులవుతుంది: కుస్తీ కోసం వచ్చి చేరే ప్రతి విద్యార్థీ ఫీజు కడతాడు కనుక జట్టు ఖర్చు కాకుండా రాబడి అవుతుంది, ఫుట్‌బాల్ జట్టు కూడా అదే పద్ధతిలో నడుస్తుంది. కిందటి ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు మా పక్క బల్ల మీద ఒక కుర్రవాడి తల్లి కూర్చుంది. కొడుకు ఓడిపోయాడు. చెమట కారుతుండగా, వాచిన చెవికి మంచుగడ్డ అదుముకుని మెట్లెక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు, మర్నాడు ఉదయం తనకు రసాయనశాస్త్రం పరీక్ష ఉందని గుర్తుచేశాడు. ఆమె సంచిలోంచి శాండ్‌విచ్ తీసి ఇచ్చింది. ఇద్దరూ తరవాతి కుస్తీ చూడసాగారు.