టోకమాకా, స్టెల్లరేటరా? ఎలక్ట్రాన్ల వేడిని బట్టి చూద్దాం

తేలికైన పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీసే ఫ్యూజన్ గురించి ఏం రాసినా చివరికి ఈ ప్రశ్నే వస్తుంది: ప్లాస్మాను, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లుగా విడిపోయిన అతి వేడి వాయువును, అయస్కాంత క్షేత్రంలో బంధించే ఈ రెండు రకాల యంత్రాల్లో ఏది మేలు? చాలామంది ఖర్చు, అయస్కాంత కాయిల్స్ తయారీ, డిస్రప్షన్ల (ప్లాస్మా ఒక్కసారిగా కుప్పకూలడం) దగ్గర పోల్చి వదిలేస్తారు. నేను మాత్రం ముందు ఎలక్ట్రాన్ల వేడి ఎటు పోతోందో చూస్తాను. బరువైన హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు పుట్టే ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం) తన శక్తిని ఎక్కువగా ఎలక్ట్రాన్లకే ఇస్తుంది. అది అయాన్లకు అందేలోపే బయటికి కారిపోతే మంట నిలవదు.

ఈ పోటీలో మొదట గెలిచింది టోకమాక్. 1968లో నోవోసిబిర్స్క్ సదస్సులో సోవియట్ శాస్త్రవేత్తలు తమ టీ-3 టోకమాక్ ఫలితాలు చెబితే బయటివాళ్లకు నమ్మకం కుదరలేదు. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని కల్హామ్ నుంచి ఓ బృందం లేజర్ సరంజామాతో మాస్కో వెళ్లి కొలిస్తే, ఎలక్ట్రాన్లు నిజంగానే కోటి డిగ్రీల దగ్గర ఉన్నాయి. దాంతో ప్రిన్స్‌టన్ వాళ్లు తమ మోడల్-సి స్టెల్లరేటర్‌ను టోకమాక్‌గా మార్చేశారు.

కారణం ఆకారమే. టోకమాక్ గారెలాంటిది, ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. అయస్కాంత క్షేత్రంలో చిక్కిన ఎలక్ట్రాన్ ఎంత ఊగినా మళ్లీ తన అయస్కాంత పొర మీదికే వస్తుంది. పాత స్టెల్లరేటర్ జంతికలా మెలితిరిగింది కాబట్టి, చిక్కిన కణం మెల్లగా బయటికి కొట్టుకుపోయేది. పైగా బాగా వేడెక్కిన ప్లాస్మాలో ఆ నష్టపు గుణకం ఉష్ణోగ్రతకు 3.5 ఘాతంలో పెరుగుతుంది. ఉష్ణోగ్రత రెట్టింపైతే నష్టం 11 రెట్లు! వేడి పెంచేకొద్దీ వెడల్పయ్యే గండి అది.

జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో ఉన్న వెండెల్‌స్టైన్ 7-ఎక్స్ స్టెల్లరేటర్‌ను కట్టిన ముఖ్య కారణాల్లో ఈ గండి పూడ్చడం ఒకటి. దాని 50 వంకర కాయిల్స్‌లో ప్రతి వంపూ లెక్కవేసి పెట్టిందే. ఆ ఆకారం లేకపోతే అంత హీటింగ్‌తో అది అందుకున్న ఉష్ణోగ్రతలు వచ్చేవి కావని 2021లో వచ్చిన విశ్లేషణ తేల్చింది.

ఇక మిగిలింది టర్బులెన్స్, అంటే ప్లాస్మాలో లేచే సుడుల అలజడి. అది ఇద్దరికీ శత్రువే. ఉష్ణోగ్రత వాలు (నడిమి నుంచి అంచుకు వేడి ఎంత నిటారుగా పడిపోతుందో ఆ తీరు) ఒక హద్దు దాటగానే సుడులు లేచి, మనం అదనంగా పోసిన వేడిని బయటికి తోసేస్తాయి. ఎలక్ట్రాన్ సుడులైతే మరీ చిన్నవి. ఎలక్ట్రాన్ తిరిగే వలయం డ్యుటీరియం అయాన్ వలయం కంటే సుమారు 60 రెట్లు చిన్నది మరి. రెండు కొలతల సుడుల్నీ కలిపి లెక్కించాలంటే సూపర్ కంప్యూటర్లకే ఆయాసం వస్తుంది. 7-ఎక్స్‌లోనూ మైక్రోవేవ్‌లతో ఎలక్ట్రాన్లను ఎంత కాల్చినా అయాన్లు కోటీ 70 లక్షల డిగ్రీల దగ్గర మొండికేశాయి. ప్లాస్మాలోకి గడ్డకట్టిన హైడ్రోజన్ గుళికలు కొట్టాకే ఆ హద్దు దాటాయి.

అయినా నా మొగ్గు స్టెల్లరేటర్ వైపే. మొదటి గండిని ఆకారం మార్చి పూడ్చారు కదా, టర్బులెన్స్‌కూ అదే మందు వేయొచ్చు. టోకమాక్ ఆకారంలో అంత వెసులుబాటు లేదు. కాకపోతే ఆ కొత్త ఆకారాలు ఇంకా ఎక్కువగా కంప్యూటర్లలోనే ఉన్నాయి. ట్రిటియం మండించి చూపింది మాత్రం టోకమాకే: 2023లో బ్రిటన్‌లోని జెట్ టోకమాక్ ఒక్క షాట్‌లో 69 మెగాజౌళ్లు తీసింది.

ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతోనే పట్టే మరో రకమైన మిర్రర్ యంత్రాల సంగతీ అడుగుతుంటారు. రెండు చివర్లూ తెరిచిన గొట్టం అది, ఎలక్ట్రాన్ల వేడి అయస్కాంత క్షేత్ర గీతల వెంటే పారిపోతుంది. ఈ లెక్కలోకి దాన్ని తీసుకోలేదు.