పాత ఇంటి వంటగదికి మాడ్యులరా, రాతి అరలా: ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ విజయవాడ సత్యనారాయణపురం, వన్‌టౌన్‌లలోనూ తాతల నాటి ఇళ్లు వాటాకు వచ్చినవారు ఈ మధ్య తరచుగా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఇంటిని పడగొట్టే ఉద్దేశం లేదు, చేతిలో డబ్బు ఎక్కువగా లేదు, వంటగది మాత్రం ఇప్పటి అవసరాలకు చాలడం లేదు. అలాంటప్పుడు దాన్ని మొత్తం ఖాళీ చేసి మాడ్యులర్ కిచెన్ పెట్టించడం మేలా, ఉన్న గోడలనూ గూళ్లనూ ఉంచి బాగుచేయించుకోవడం మేలా? బ్రాడీపేటలోని మా వంటగదిని మొన్నటి చలికాలంలోనే బాగుచేయించాము. అప్పుడు రెండు మార్గాలనూ తూచి చూసి చేసిన నిర్ణయాన్ని కారణాలతో సహా ఇక్కడ వివరిస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా సున్నంతో కట్టిన ఇళ్ల గురించే. గోడ మందం అడుగున్నర దాకా ఉండి, ఇటుకల సందును చాకుమొనతో గీరినప్పుడు తెల్లని సున్నం పొడిగా రాలితే మీ ఇల్లు ఆ కోవలోనిదే. సిమెంటుతో కట్టిన ఇంటికి ఈ వాదన వర్తించదు.

మాడ్యులర్ కిచెన్ సుగుణాలను తక్కువ చేయనవసరం లేదు. బరువైన గిన్నె కోసం నేల మీదికి వంగి లోపలికంటా చేయి చాపే పని లేకుండా అర మొత్తం ముందుకు జారి వస్తుంది; మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దవారికి ఇది చిన్న సౌకర్యం కాదు. పెట్టెలు ముందే తయారై వస్తాయి కనుక బిగింపు కొద్ది రోజుల్లో పూర్తవుతుంది. అయితే ఆ పెట్టెలకు నిటారు గోడ, మట్టమైన నేల, పొడిగా ఉండే వెనుక భాగం కావాలి. పాత ఇంట్లో ఈ మూడూ ఒకేచోట దొరకడం అరుదు. మా తూర్పు గోడకు తాపీ మేస్త్రీ తూకపు గుండు వేలాడదీసినప్పుడు పైనుంచి కిందికి వచ్చేసరికి బొటనవేలి మందాన తేడా కనిపించింది. గోడను చెక్కి సిమెంటుతో సరిచేయిస్తే తప్ప పెట్టెలు కుదరవని మాడ్యులర్ వారు చెప్పారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఈ ఎంపికను తేల్చవలసిన విషయం చెమ్మ అని నా గట్టి అభిప్రాయం. పాత ఇళ్ల పునాదుల్లో సాధారణంగా చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి పాకి గోడలో రెండు మూడు అడుగుల ఎత్తు దాకా చేరుతుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమ పారే విజయవాడలో దీని గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. నల్లరేగడి నేల మీద కట్టిన గుంటూరు ఇళ్లలో కూడా వానలు వెనకపట్టిన చాలా రోజుల వరకు గోడ అడుగుభాగం చేతికి చల్లగా తగులుతూనే ఉంటుంది. సున్నపు పూత ఆ తేమను బయటికి వదులుతుంది, ఎక్కిన నీరు గాలికి ఆరిపోతూ ఉంటుంది. సిమెంటు పూత అంత సులువుగా వదలదు. పాత గోడకు సిమెంటు పూయడం తడి గుడ్డను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టడం వంటిది. దారి దొరకని తేమ ఇంకా పైకి ఎక్కుతుంది. అది మోసుకొచ్చిన లవణాలు పూత వెనుక పేరుకొని స్ఫటికాలుగా ఉబ్బుతాయి. కొన్నేళ్లకు పూత పెచ్చులుగా ఊడుతూ ఇటుక ముఖాన్ని కూడా తనతో పీక్కొస్తుంది. పైకప్పు దాకా అంటించిన టైల్స్ వల్ల, ప్లాస్టిక్ ఎమల్షన్ రంగుల వల్ల జరిగేది కూడా చాలావరకు ఇదే.

మా ఇల్లు అద్దెకిచ్చిన కాలంలో ఎవరో తొట్టి పక్కన రెండు గజాల మేర సిమెంటు పూయించారు. వేలితో తట్టితే అక్కడ డొల్ల శబ్దం వచ్చేది. మేస్త్రీ ఉలి మొన దూర్చగానే పలక మొత్తం ఒక్కసారిగా ఊడింది. దాని వెనుక తెల్లని ఉప్పు దూదిలా అంటుకొని ఉంది, ఇటుక వేలికి ఎర్రపిండిలా రాలింది. దానికి జానెడు దూరంలోనే, పొరలు పొరలుగా వెల్ల వేసిన పాత సున్నపు పూత మసిబారి ఉన్నా గోడను గట్టిగా పట్టుకొనే ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన చూశాక మా ఇంట్లో ఎవరికీ సందేహం మిగలలేదు. అటువంటి గోడకు చెక్కపెట్టె వీపు ఆనిస్తే, గాలి తగలని ఆ సందులో బూజు పట్టడం, చెదలు ఎక్కడం మన కంటపడవు. కంటపడేనాటికి పెట్టె పాడైపోయి ఉంటుంది.

సున్నం దొరకదనే భయం మన ప్రాంతంవారికి అక్కరలేదు. సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల దగ్గరలోనే ఉంది. కాల్చిన రాతి సున్నాన్ని నీళ్లలో వేసి చల్లార్చి, కనీసం రెండు వారాలు నీటి అడుగున నాననిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలుపుకోవాలి. చల్లార్చేటప్పుడు నీరు సలసల మరుగుతుంది కనుక పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. చెమ్మ ఎక్కువగా తగిలే అడుగు భాగానికి కలిపే ఇసుకలో కొంత తగ్గించి మెత్తని ఇటుక పొడి చేర్చాలి. బాగా కాలని ఇటుకల పొడి సున్నంతో కలిసి తడిలో కూడా బిగుసుకుంటుంది. వెనుకటివారు కరక్కాయ నీరు, బెల్లం నీరు కలిపేవారు, మేము కలపలేదు. కష్టమంతా పనివారిని వెదకడంలోనే ఉంది. సిమెంటుకు అలవాటుపడిన మేస్త్రీ సున్నంలో కూడా గుప్పెడు సిమెంటు వేస్తే గట్టిగా ఉంటుందంటాడు, ఒప్పుకోకూడదు. ముందుగా గజం గోడ పూయించి, వారం ఆగి చూసి, తరువాతే మొత్తం పని అప్పగించడం మంచిది. ఈ పనిని మే నెలలో పెట్టుకుంటే విజయవాడ ఎండకు పూత పట్టుకోకముందే ఆరిపోయి బీటలు వారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం; అప్పుడు కూడా తడిపిన గోనెపట్టాలు కట్టి వారం రోజులు ఆరనివ్వకుండా చూసుకోవాలి.

అరల విషయంలో పోటీ ప్లైవుడ్‌కూ కడప బండలకూ మధ్య ఉంటుంది. నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు వేసే ఐఎస్ 710 ప్రమాణపు గుర్తు ఉన్న పలక తేమను బాగానే తట్టుకుంటుంది, కానీ తక్కువ ధర మాడ్యులర్‌లలో వాడేది తరచుగా చెక్కనారను, చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు. వాటి అంచుల్లోకి నీరు చేరితే ఉబ్బిపోతాయి, మళ్లీ యథాస్థితికి రావు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీట మునిగినప్పుడు చెక్క సామాను ఏ గతి పట్టిందో విజయవాడవాసులకు తెలుసు. కడప బండ కడిగితే మళ్లీ వాడుకకు వస్తుంది, చెదలకు లొంగదు. బండలను నిలువుగా నిలిపి, అడ్డంగా మరికొన్ని వేసి, వెనుక గోడకు రెండంగుళాల ఖాళీ వదిలి అరలు కట్టించి, ముందు వైపు మాత్రం పాత తలుపుల టేకుతో చట్రాలు చేయించి తలుపులు బిగించాము. మాడ్యులర్‌లో నాకు నచ్చిన జారే అరల లోటు తీరడానికి రెండు అరల్లో తీగ బుట్టలు పెట్టించాము. ఇంతకంటే పెద్దవారికి ఎక్కువ అవసరం పడలేదు.

సిలిండరు పెట్టే అరకు తలుపు బిగించేవారు ఒక సంగతి మరువకూడదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు కనుక లీకైతే నేల మట్టాన నిలుస్తుంది. తలుపు అడుగున గాలిరంధ్రాలు తప్పక ఉండాలి. పైపు గ్యాస్ గాలి కంటే తేలిక కాబట్టి ఆ ఇళ్లలో పైన గాలి పోయే మార్గం కావాలి. పాత వంటగదుల్లోని పొగగూడు ఇందుకు చక్కగా పనికొస్తుంది. మేము ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా అందులోనే అమర్చాము.

పాతదనం పేరుతో వంట గట్టు మీద కూడా కడప బండే వేయించాలని కొందరంటారు. దీనితో నేను ఏకీభవించను. కడప బండ సున్నపురాయి జాతికి చెందినది. రోజూ చింతపండు పిసికే ఇంట్లో, నిమ్మకాయ పిండే ఇంట్లో ఆ పులుపు తగిలిన చోటల్లా మెరుగు పోయి తెల్లని మచ్చలు పడతాయి. చీమకుర్తి నల్లరాయికి ఆ బాధ లేదు. అరలకు కడప బండ, గట్టుకు చీమకుర్తి రాయి అనే విభజనే నాకు సబబుగా తోచింది.

గోడగూళ్లను పూడ్చవద్దని మాత్రం ప్రత్యేకంగా కోరుతున్నాను. అడుగు లోతున్న గూటిలో పప్పుల డబ్బాలు, ఊరగాయ జాడీలు నిక్షేపంగా ఇముడుతాయి. వాటిని మూసి, ఆ గోడకే పై పెట్టెలు వేలాడదీయాలంటే మెత్తని సున్నపు సందుల్లో బోల్టులకు సరైన పట్టు దొరకదు. నిండు పెట్టె బరువు అంతటినీ అవే మోయాలి.

మిగిలిన వాటి గురించి రెండు మాటలు చాలు. స్టీలు పెట్టెలు చెమ్మకు మంచివే కానీ ఖరీదు ఎక్కువ. పీవీసీ అరలు చవక. పొయ్యి దగ్గర పెట్టదగినవి కావు. నేల విషయంలో, ఎర్ర గచ్చు మీద టైల్స్ వేయిస్తే మట్టం పెరిగి తలుపు అడుగు కోయవలసి వస్తుంది, పైగా నేలలోని తేమ గోడల వైపు మళ్లుతుంది. గచ్చు పగుళ్లను పూడ్పించి మెరుగు పట్టించడమే చవక.

ఖర్చు మాట: మాకు వచ్చిన మాడ్యులర్ అంచనాలో సగానికి కాస్త మించి అయింది, అందులో అధిక భాగం కూలికే పోయింది. గోడ చెక్కించి సిమెంటు పూయించే ఖర్చు మాడ్యులర్ అంచనాలో సాధారణంగా చూపరు. దాన్ని కూడా కలుపుకొని పోల్చుకోవాలి. సమయం మాత్రం మాకు బాగా ఎక్కువ పట్టింది, అన్ని రోజులు వరండాలోనే వండుకున్నాము. అంత ఓపిక, తీరిక లేనివారికి, కొన్నేళ్లలో ఇంటిని అమ్మదలచుకున్నవారికి మాడ్యులర్ ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. వారైనా ముందు గోడకు సున్నపు పూత వేయించి, ఒక వానాకాలం గడిచాక చెమ్మ గుర్తులు చూసుకొని, పెట్టెలను స్టీలు కాళ్ల మీద గోడకు రెండంగుళాల ఎడంగా నిలబెట్టి, వెనుక పలకకు గాలిరంధ్రాలు పెట్టించుకోవాలి.