ఆ వంటగది కోసమైనా మాంట్‌గోమరీ వెళ్ళండి

"మార్టిన్ లూథర్ కింగ్ పుట్టింది మీ ఊళ్ళోనేగా, ఎప్పుడు తీసుకెళ్తావురా?" అని నాన్న అడిగారు. అమ్మానాన్న గుంటూరు నుంచి అట్లాంటా వచ్చి నెలైంది, నయాగరా కూడా చూసొచ్చాం. ఎనిమిదేళ్ళుగా ఇక్కడుంటున్నా నేను ఆయన పుట్టిన ఆబర్న్ అవెన్యూ వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. శుక్రవారం సెలవు పెట్టి మూడు రోజులకు బయల్దేరాం.

అట్లాంటాలో కింగ్‌కు సంబంధించినవన్నీ ఆ ఒక్క వీధిలోనే ఉంటాయి. ప్రవేశం ఉచితం, సందర్శకుల పార్కింగ్ కూడా ఉచితమే. 1929 జనవరి 15న ఆయన పుట్టిన ఇల్లు మేం వెళ్ళినప్పుడు మరమ్మతుల కోసం మూసి ఉంది, బయటి నుంచే చూశాం. వెళ్ళే ముందు ఏవి తెరిచి ఉన్నాయో చూసుకోండి. అక్కడి గాంధీ విగ్రహం దగ్గర నాన్న చాలాసేపు నిలబడ్డారు. 1959లో కింగ్ దంపతులు మన దేశానికొచ్చి దాదాపు నెల రోజులు తిరిగారని అమ్మకు చెప్పారు. కింగ్, ఆయన భార్య కొరెట్టా సమాధులు చూసుకుని, సాయంత్రానికి పక్క రాష్ట్రం అలబామాలోని మాంట్‌గోమరీ దారి పట్టాం.

రెండున్నర గంటల ప్రయాణం. అలబామాలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది, టూర్ టైములు చూసుకునేటప్పుడు ఇది గుర్తుండాలి. డౌన్‌టౌన్‌లో హోటల్ తీసుకున్నాం. అమ్మ మోకాళ్ళ నొప్పుల వల్ల కింది అంతస్తులో గది కావాలని ముందే చెప్పినా, మూడో అంతస్తులో ఇచ్చారు. లిఫ్ట్ పనిచేయడం లేదు. గది మార్చడానికి గంటన్నర పట్టింది. ముందు రోజు ఫోన్ చేసి మరోసారి అడిగి ఉండాల్సింది. శాకాహారులైతే పులిహోర, పెరుగు వెంట తీసుకెళ్ళండి, మాకు అవే ఆదుకున్నాయి.

మూడు రోజుల్లో మనసును పట్టేసింది జాక్సన్ వీధిలోని చిన్న చెక్క ఇల్లు. డెక్స్‌టర్ చర్చి పాస్టరుగా పనిచేస్తున్నప్పుడు కింగ్ కుటుంబం ఉన్నది అందులోనే. గైడ్‌తోనే లోపలికి వెళ్ళాలి, ముందుగా ఫోన్ చేసి సమయం తీసుకోండి. బస్సులో తెల్లవాళ్ళకు సీటు ఇవ్వనందుకు రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళను అరెస్టు చేశాక, 1955 డిసెంబరు 5 నుంచి కింగ్ నాయకత్వంలో నల్లజాతివాళ్ళు బస్సులెక్కడం మానేశారు. ఏడాదికి పైగా నడిచి వెళ్ళారు, కార్లు పంచుకున్నారు. మరుసటి జనవరిలో ఒక అర్ధరాత్రి కింగ్‌కు చంపేస్తామని ఫోన్ వచ్చింది. నిద్ర పట్టక కాఫీ పెట్టుకుని వంటగది బల్ల దగ్గర కూర్చుని, ఇక నా వల్ల కాదని దేవుడితో మొరపెట్టుకున్నారట. అప్పటికి ఆయన వయసు 27. మూడు రోజులకే, జనవరి 30న, వరండాలో బాంబు పేలింది. ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. సభ నుంచి పరుగున వచ్చి, ఇంటి ముందు ఆయుధాలతో మండిపోతున్న తనవాళ్ళకు సర్దిచెప్పి ఇళ్ళకు పంపేశారు. ఇంట్లో భార్య, పది వారాల పాప. "పసిగుడ్డునెత్తుకుని ఆవిడ ఎలా తట్టుకుందో" అంటూ అమ్మ ఆ వంటగది గుమ్మం దగ్గరే ఉండిపోయింది. విగ్రహాల దగ్గర నాకు కలిగింది గౌరవం. ఈ గదిలో మాత్రం ఆయన భయం తెలిసింది, ఆ భయంతోనే మర్నాడు బయటికి వెళ్ళారని తెలిసింది.

బానిసత్వ చరిత్ర చూపే లెగసీ మ్యూజియానికి, మూకహత్యలకు బలైన నల్లజాతివాళ్ళ స్మారకానికి కలిపి టికెట్ 5 డాలర్లే, మధ్యలో ఉచిత బస్సు ఉంది. స్మారకంలో ఆ హత్యలు జరిగిన ఒక్కో కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒక్కో ఇనుప స్తంభం, మొత్తం 800కు పైగా. నడిచేకొద్దీ నేల దిగుతుంది, స్తంభాలు తలపైన వేలాడతాయి. మ్యూజియంలో హత్యలు జరిగిన చోట్ల నుంచి తెచ్చిన మట్టిని సీసాల్లో పెట్టి, పేర్లు రాశారు. ఎర్రమట్టి, ఇసుక, నల్లమట్టి. జీవితమంతా నల్లరేగడిలో సేద్యం చేసిన నాన్న ఒక్కో సీసా ముందూ ఆగారు. మధ్యలో మాట్లాడబోతే చేత్తో వద్దన్నారు. చిన్నపిల్లలకు ఈ రెండూ బరువైపోతాయి.

ఆదివారం సెల్మా వెళ్ళాం, గంట దూరం. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం నడుస్తున్నవాళ్ళను పోలీసులు లాఠీలతో కొట్టిన వంతెన అక్కడే ఉంది. అదే నెలలో కింగ్ ముందు నడవగా జనం మాంట్‌గోమరీ దాకా 54 మైళ్ళు వెళ్ళారు. ఊళ్ళో మూసేసిన దుకాణాలు చాలా కనిపించాయి, నీళ్ళు, తిండి వెంట ఉంచుకోండి. అమ్మ కారులో కూర్చుంది. ఎండగా ఉంది, సగం దాకా వెళ్ళి వద్దామన్నాను. నాన్న చెప్పులు సరిచేసుకుని వంతెన అవతలి దాకా నడిచారు.