హన్మకొండలో ఇంటి ముందు కంకర బాట: ఐదారేళ్ల వాడకం తర్వాత

పోర్టికో నుంచి గేటు దాకా సీసీ వేయాలా, పేవర్ టైల్స్ వేయాలా, కంకర పోయించాలా అన్న చర్చ ప్రతి ఇంట్లోనూ ఆఖరికే వస్తుంది, అదీ చేతిలో డబ్బులు అడుగంటాక. మేము కంకరకే మొగ్గాం. 2020లో పోయించిన ఆ బాట మీద ఇప్పటికీ కారు, బండ్లు, గ్యాస్ ఆటో తిరుగుతూనే ఉన్నాయి. బోరు మోటారు పైకి తీయాల్సి వస్తే లారీ కూడా దాని మీదుగానే లోపలికొస్తుంది. ఇన్నేళ్లు వాడాక నా తీర్పు ఇది. పైన కనబడే రాయి కన్నా కింద కనబడని పొరల మీద డబ్బు పెట్టాలి. గేటు ముందు మాత్రం కంకర పోయొద్దు.

ముందు నేల సంగతి. మా కాలనీ ఒకప్పుడు పత్తి చేను, అంతా నల్లరేగడి. ఎండాకాలం బొటనవేలు దూరేంత నెర్రెలు పడుతుంది, వాన పడితే ఉబ్బి బురదవుతుంది. అలాంటి నేల మీద నేరుగా కంకర పోస్తే టైరు తొక్కిడికి రాయి కిందికి దిగుతుంది, మట్టి పైకి ఎక్కుతుంది. మూడో వానాకాలం నాటికి కంకర ఎక్కడ పోసిందీ వెతుక్కోవాలి. అందుకే జానెడుకు పైగా నల్లమట్టి తీసేసి, అడుగున మట్టీ రాయీ కలవకుండా ఆపి నీళ్లు మాత్రం దిగనిచ్చే జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద మొరం పోసి, తడిపి, రోలర్ తిప్పించాం. ఆ మొరం మీద నాలుగంగుళాల 40 ఎంఎం కంకర, దాని సందుల్లోకి డస్టు, అంటే క్రషర్ రాతి పొడి, మళ్లీ రోలర్. అన్నిటికీ పైన రెండంగుళాల 20 ఎంఎం. ఖర్చులో సింహభాగం ఈ కింది పొరలకే పోయింది. చూడవచ్చిన వాళ్లెవరికీ అది కనబడదు, మెచ్చుకునేదీ ఉండదు. ఎర్ర చల్కా నేలలో ఇల్లు కట్టుకున్న మా బావగారికి ఇంత తంటా పడలేదు. మొరం మీద నేరుగా 20 ఎంఎం పోసుకున్నారు, బాగానే ఉంది.

గుడ్డకు బదులు ప్లాస్టిక్ షీటు చాలంటారు కొందరు మేస్త్రీలు. ప్లాస్టిక్‌లోంచి నీళ్లు కిందికి దిగవు, కంకరలోనే నిలుస్తాయి. ఇంకో మాట. గుడ్డ వేస్తే కలుపు రాదని అమ్మేవాళ్లు చెబుతారు. వయ్యారిభామ తగ్గిన మాట నిజమే. తుంగ మాత్రం గుడ్డను సూదిలా పొడుచుకొని పైకొస్తుంది, దాన్ని మేము చేత్తోనే పీకుతున్నాం.

రాయి ఎంపికలో రంగు కన్నా ఆకారం ముఖ్యం. క్రషర్‌కు వెళ్లి కుప్పలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. అంచులు అరచేతిలో గుచ్చుకుంటూ, రాయి రాయికి పట్టుకుంటే అది బాటకు పనికొచ్చే కంకర. నున్నగా జారితే అది గులకరాయి, పూలమడికే. గులకరాళ్ల మీద కారు స్టీరింగ్ తిప్పితే రాళ్లు చెరో పక్కకు పరుగెత్తి, మధ్యలో గాడి పడుతుంది. పెంకుల్లా పలచగా ఉన్న ముక్కలు ఎక్కువున్న కుప్ప కూడా వద్దు, లారీ ఎక్కితే విరిగి పొడవుతాయి. మన చుట్టుపక్కల క్రషర్లకు వచ్చేది ఎక్కువగా గ్రానైట్ జాతి రాయే కాబట్టి గట్టిదనానికి లోటుండదు. తేడా అంతా జల్లెడలో ఉంటుంది. 20 ఎంఎం అని చెప్పే కుప్పలో సగం 12 ఎంఎం కలిసి ఉండటం మామూలే. మరీ చిన్నది, 6 ఎంఎం చిప్స్, బాట మీద అస్సలు వద్దు. టైరు గాళ్లలో, చెప్పుల అడుగున ఇరుక్కొని హాల్లోకి వచ్చి టైల్స్ మీద గీతలు పెడుతుంది.

ఇక లెక్క. బాట పొడవు, వెడల్పు, మందం మూడూ అడుగుల్లో గుణిస్తే సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగులు, వస్తుంది. నలభై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం అంటే 133 సీఎఫ్‌టీ. దాన్ని 35.3తో భాగిస్తే 3.8 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు కంకర సుమారు టన్నున్నర తూగుతుంది కాబట్టి 5.7 టన్నులు. రోలర్ కింద అణిగేదానికి ఇంకో పదో వంతు కలుపుకోవాలి. ఈ లెక్క చేతిలో లేకుండా ఫోన్ చేస్తే అవతలి వాళ్లు "ఎన్ని ట్రిప్పులు కావాలె సార్" అని మొదలుపెడతారు. ట్రిప్పంటే ఎంతో ట్రాక్టర్‌కో రకం. మాకు లోడు తెచ్చిన ఒకాయన కాంటా చిట్టీ లేకుండానే వచ్చాడు. కంకర దించక ముందే ట్రాలీ పొడవు, వెడల్పు, రాయి ఎత్తు టేపుతో కొలిస్తే చెప్పినదానికి ఐదో వంతు తక్కువ. అడిగితే "తొవ్వల కుదురుకుంటది గద సార్, గందుకే తక్వ కనబడ్తది" అన్నాడు. కుదుపులకు కొంచెం అణగడం నిజమే గానీ ఐదో వంతు అణగదు. బేరమాడి డబ్బు తగ్గించుకున్నాం. అప్పటి నుంచి వే బ్రిడ్జి చిట్టీ ఉంటేనే గేటు తీస్తున్నాం, ఖాళీ బండి తూకం కూడా చూస్తున్నాం.

డస్టు మాత్రం వాన పడిన మర్నాడు టన్నుల లెక్కన కొనకండి. పెద్ద కంకర నీళ్లు పెద్దగా పట్టదు, డస్టు బాగా పట్టేస్తుంది. నీళ్లకూ రాతి ధరే కట్టినట్టవుతుంది. ధర అడిగేటప్పుడు కిరాయితో కలిపి ఇంటికి చేరేదాకా ఎంతో అడగాలి. రాయి ధర ఒక క్రషర్‌కూ ఇంకోదానికీ పెద్దగా మారదు, దూరమే మారుస్తుంది. టిప్పర్ తెప్పిస్తే ఇంటి ముందు మోరీ మీది బండ ఆ బరువుకు ఆగుతుందో లేదో ముందే చూసుకోవాలి, కరెంటు తీగల ఎత్తు కూడా. డ్రైవర్ ఓపిక మంతుడైతే తొట్టి కొంచెం లేపి, వెనక తలుపు కాస్తే వదిలి, నెమ్మదిగా ముందుకు పోనిస్తాడు. కంకర బాట పొడుగునా పరుచుకుంటుంది, ఇద్దరు కూలీల సగం రోజు పని తప్పుతుంది. దీనికి కొంచెం చాయ్ పైసలు ఇచ్చినా నష్టం లేదు.

వాడకంలో తేలినవి కొన్ని. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ వారమంతా మా బాట మీద నీళ్లు నిలవలేదు, ఇంకుడు గుంత వైపు దిగిపోయాయి. దెబ్బ తిన్నది డాబా మీది నీళ్ల పైపు పడే చోటు ఒక్కటే. ధారకు కంకర కొట్టుకుపోయి మొరం బయటపడింది. అక్కడ 40 ఎంఎం వేసి మీద బండ పెట్టాక సమస్య లేదు. అంచులకు రాతి కడీల ముక్కలు అడ్డం పాతించాం. అవి లేని పక్కింటి వాళ్ల కంకర సగం గడ్డిలో ఉంది.

స్కూటర్ సైడ్ స్టాండ్ కంకరలో దిగబడి బండి పడిపోతుంది. దానికి అరడుగు షాబాద్ బండ ముక్క చాలు. వేపచెట్టు కింద ఆకు రాలే రోజుల్లో చీపురు పనిచేయదు, ఊడిస్తే రాయీ ఆకూ కలిసి వస్తాయి. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. రాత్రి ఎవరొచ్చినా కరకరమని చప్పుడవుతుంది, అదొక లాభం. కుక్క కూడా అవసరం లేదని మా ఆవిడ అంటుంది.

గేటు ముందు పది అడుగులు తాండూరు బండలే వేయాలని అమ్మ మొదటే పట్టుబట్టింది. సాన్పు చల్లి ముగ్గు వేయాలంటే కంకర మీద కుదరదు. బతుకమ్మ ఆడేటప్పుడు ఒట్టి కాళ్లతో చుట్టూ తిరగాలి. ఆ జాగా లేకపోతే సద్దుల రోజు ఆడవాళ్లంతా రోడ్డు మీదికి పోవాల్సిందే. ఇంటి ముందంతా కంకర పరిచిన ఇళ్లలో ఈ ఇబ్బంది చూస్తూనే ఉన్నాను.

అందానికి మొక్కల చుట్టూ పోసే తెల్ల రాళ్ల మీద నాకు మంచి అభిప్రాయం లేదు. మార్బుల్ చిప్స్ సున్నపు జాతివి. మన బోరు నీళ్లే ఉప్పన, వాటికి ఇవి తోడైతే నూరువరహాల లాంటి మొక్కల ఆకులు పసుపెక్కుతాయి. నీడన ఉంటే నాచు పడతాయి. కరీంనగర్ గ్రానైట్ కోతలో మిగిలే గోధుమరంగు ముక్కలు మడుల అంచులకు ఎంతో నయం, మాసినా తెలియదు.

వానాకాలం పోయాక ఇనుప పళ్ల దంతెతో ఒకసారి టైరు గాళ్లు సరిచేయాలి, రెండు మూడేళ్లకు అర ట్రాలీ కొత్త కంకర పోయాలి. అప్పుడు పాత రాయి గుప్పెడు సంచిలో వేసుకొని పొండి. ఒక గుట్ట రాయి బూడిదరంగు, ఇంకో గుట్టది గులాబీ ఛాయ. ఫోన్లో "అదే రంగు సార్" అంటారు గానీ, పక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు.