పాలమూరుల స్టెయిన్డ్ గ్లాస్ క్లాసుకు పైసలు కట్టేటోళ్లు జాగ్రత్త: మీరు చేసిన ప్యానల్ మీ ఇంటికి రాదు

ఇన్‌స్టాల రంగు రంగుల అద్దాల రీల్స్ పెట్టి, హైదరాబాద్ పోయే పని లేదు, పాలమూరులనే స్టెయిన్డ్ గ్లాస్ నేర్పిస్తం అంటున్న క్లాసు గురించి రాస్తున్న. పేరు రాస్తలేను, ఆ రీల్స్ చూసినోళ్లకు ఏ క్లాసో తెలుసు. దసరా అయిపోయింది, కొత్త బ్యాచ్ మొదలుపెడుతున్నరు. నిన్ననే అక్కడికి పోయి లొల్లి పెట్టుకొని వచ్చిన, రాత్రంత నిద్ర పట్టలే. ముందే చెప్తున్న: అక్కడ మీరు చేసిన ప్యానల్, అంటే రంగు అద్దం ముక్కలు అతికి చేసిన పలక, బాగ కుదిరిందంటే అది మీ చేతికి రాదు. వాళ్లు అమ్ముకుంటరు.

ఫీజు 9,500 రూపాయలు. అద్దం, కాపర్ ఫాయిల్ (ముక్కల అంచుకు అంటించే సన్న రాగి పట్టీ), సోల్డర్ (కరిగించి ముక్కలను అతికే లోహపు తీగ) అన్నీ అందులనే, ఆఖరుకు చేసిన ప్రాజెక్ట్ మీరు ఇంటికి తీసుకపోవచ్చు అని వాళ్ల పాంప్లెట్ మీదనే అచ్చేసి ఉన్నది. ఆ పాంప్లెట్ నా దగ్గర భద్రంగ ఉన్నది.

నాకు ఈ అద్దాల మీద ఇష్టం ఇయ్యాల్టిది కాదు. చిన్నప్పుడు బడోళ్లు మెదక్ చర్చికి తీసుకపోయిన్రు. 1924ల తెరిచిన చర్చి అది. బయట నిలబడి చూస్తే ఆ కిటికీలల్ల ఏమీ కనబడదు, లోపలికి పోయి వెలుతురు దిక్కు తిరిగితే ఏసు పుట్టుక, సిలువ, పరలోకానికి పోవుడు, మూడు కిటికీల నిండ రంగులే. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినయి అని అక్కడ అందరు చెప్తరు. గసొంటిది ఒక్కటన్న నా చేతులతోని చెయ్యాలె అనుకున్న. అందుకే మిషన్ కుట్టిన పైసలు కూడబెట్టి చేరిన.

నేర్పుడు మాత్రం బాగనే నేర్పిస్తరు, అది అబద్ధం చెప్పను. కట్టర్ గీత ఒక్కసారే పడాలె, గీసిన గీత మీద మల్ల గీస్తే అద్దం దానికి ఇష్టమొచ్చిన దిక్కు పగుల్తది. లోపలికి వంగిన వంపు ఒక్క దెబ్బకు రాదు, ప్లయర్‌తోని కొంచెం కొంచెం విరుచుకుంట పోవాలె, మిగిలింది గ్రైండర్ మీద నీళ్లు తగులుకుంట అరగదీయాలె. ప్రతి ముక్క అంచు చుట్టూ కాపర్ ఫాయిల్ అంటించి, గట్టిగ రుద్ది, ముక్కలన్ని ప్యాటర్న్ మీద పేర్చి, సోల్డర్ పట్టుకునేటందుకు ఫ్లక్స్ అనే మందు పూసి, రెండు దిక్కుల సోల్డర్ పోయాలె. సోల్డర్ గీత మధ్యల ఉబ్బి నున్నగ రావాలె. కుట్టు పనిల నాకు చెయ్యి అలవాటున్నది కాబట్టి సార్ కూడ "మేడం, మీ చెయ్యి సాఫ్ ఉన్నది" అని పది మంది ముందల మెచ్చుకున్నడు.

ఫైనల్ ప్రాజెక్ట్‌కు నేను పాలపిట్టను పెట్టుకున్న. పిట్ట కూసున్నప్పుడు కాదు, రెక్కలు ఇప్పినప్పుడు చూడాలె, ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగ కనబడ్తయి. కింద తంగేడు కొమ్మ, అయిదు రెక్కల పచ్చ పూలు. బొమ్మ నేనే గీసిన, వాళ్ల పుస్తకాలల్ల పాలపిట్ట లేదు, తంగేడు అసలే లేదు. దసరా నాడు పాలపిట్టను చూడాలె అని మా నాయిన మమ్మల్నందరిని చెలకల దిక్కు తిప్పుతుండె. ఇప్పుడు ఆయన మంచం దిగుతలేడు. అమ్మగారింట్ల ఆయన పండుకునే అర్రకు తూర్పు కిటికీ ఉన్నది. దసరా పొద్దుగాల ఎండ పడంగనే ఆయనకు మంచం మీది నుంచే పిట్ట కనబడాలె అని చేసిన. ఇది క్లాసుల అందరికి తెలుసు, సార్‌కు కూడ తెలుసు.

తంగేడు ఆకులల్ల ఒకటి గ్రైండర్ మీద రెండు ముక్కలయింది. ఆ ఆకుపచ్చ అద్దం మల్ల లేదన్నరు. అందుకని రెండు ముక్కలకు వేర్వేరుగ ఫాయిల్ చుట్టి అట్లనే పెట్టిన. ప్యాటర్న్‌ల లేని ఒక గీత ఆ ఒక్క ఆకు మీద వచ్చింది, ఆకు ఈనె లెక్క, కొంచెం వంకరగ. ఈ ముచ్చట ఎందుకు చెప్తున్ననో ముందుకు పోతే తెలుస్తది.

సోల్డరింగ్ అయిపోయినంక సార్ ఏమన్నడంటే, "ప్యాటినా పెట్టాలె, వ్యాక్స్ పాలిష్ చెయ్యాలె, పండుగ లోపల ఇస్తం, ఇక్కడనే ఉండనియ్యండి." ప్యాటినా అంటే సోల్డర్ గీతలు నల్లగ అయ్యేటందుకు పూసే మందు. చేయించుకుంటే అందమే, లేకుంటే ప్యానల్‌కు వచ్చే నష్టమేం లేదు. బ్యాచ్‌ల అందరియి ఉంచుకోలే, కొందరియే ఉంచుకున్నరు. పండుగ దగ్గరికొచ్చింది, ఫోన్ చేస్తే రేపు ఎల్లుండి అన్నరు. సద్దుల బతుకమ్మ నాడు వాట్సాప్‌ల ఒక మెసేజ్ వచ్చింది: "సారీ మేడం, మీ ప్యానల్ కింద పడి పగిలిపోయింది."

ఏడ్చిన. పగిలిందే ఇయ్యండి, ముక్కలు మార్చుకుంట అని అడిగిన. చెత్తల పారేసినం అన్నరు. అక్కడనే నాకు అనుమానం వచ్చింది. కాపర్ ఫాయిల్‌తోని చేసిన ప్యానల్ కింద పడితే సోల్డర్ అన్నిటిని పట్టుకొనే ఉంటది, ఏవో కొన్ని ముక్కలు చిట్లుతయి. ఆ ముక్కలను తీసేసి కొత్తయి పెట్టి మల్ల సోల్డర్ పోయొచ్చు. ఇది నాకు నేర్పింది ఎవరు? ఆ సారే. పగిలిన ముక్కను ఎట్ల తీయాలె అని ఒక పూటంత చూపించిండు. ఆయనే మొత్తం ప్యానల్‌ను చెత్తల పారేసిండా?

దసరా పొద్దుగాల మా నాయిన కిటికీ ఖాళీగనే ఉన్నది.

మొన్న వాళ్ల పేజీల ఒక వీడియో పెట్టిన్రు. జడ్చర్లల ఎవరిదో కొత్తిల్లు, గృహప్రవేశం అయిన ఇల్లు. పూజగది తలుపు పైన పాలపిట్ట. కింద తంగేడు కొమ్మ. ఆ కొమ్మకు ఒక్క ఆకు మీదనే వంకర గీత. "మా స్టూడియో కస్టమ్ డిజైన్, ఆర్డర్లకు సంప్రదించండి" అని రాసి ఉన్నది. ఫోన్ స్క్రీన్ పెద్దగ చేసి చూసిన, మా ఆయనకు చూపించిన, నాతోని క్లాసుల కూసున్న అక్కకు పంపిన. ఆమె ఒక్క నిమిషంల ఫోన్ చేసి, "ఇది నీదే కదనే" అన్నది.

నిన్న పోయిన. కొత్త బ్యాచ్‌ల చేరుదామని వచ్చినోళ్లు బల్ల చుట్టూ కూసున్నరు. వీడియో చూపించి, సార్ ఇది నా ప్యానల్, పగిలిందని చెప్పిన్రు కద అన్న. ఆయన మొఖంల తప్పు చేసిన అన్న ఛాయ కూడ లేదు. ముందుగాల "గసొంటివి మస్తు చేస్తం మేడం, అది వేరేది" అన్నడు. ఆకు మీది గీత చూపించిన, నేను చేసేటప్పుడు తీసుకున్న ఫొటో పక్కన పెట్టిన. అప్పుడు మాట మార్చిండు.

"గ్లాస్ మాది, సోల్డర్ మాది, కరెంటు మాది. మీరు కట్టింది నేర్చుకునేటందుకు. నేర్చుకున్నరు కద. వస్తువు స్టూడియోది."

పాంప్లెట్ తీసి ముందల పెట్టిన. దాని దిక్కు చూడను కూడ చూడలే. ఆ కూసున్నోళ్ల దిక్కు తిరిగి నవ్వుకుంట అన్నడు: "ఇంట్ల ఖాళీగ ఉండేటోళ్లకు టైంపాస్ అయితదని క్లాసు పెడితే, ఒక్క పిట్ట బొమ్మకు ఇంత పంచాయితీ. మేడం, కావాలంటే సగం ఫీజు కట్టి మల్ల రండి, ఇంకో పిట్ట చేసుకోండి."

ఇంట్ల ఖాళీగ ఉండేటోళ్లా? పండుగ గిరాకీ బట్టలు రాత్రిళ్లు కుట్టి ఆ ఫీజు కట్టిన. నా బొమ్మ, నా చెయ్యి, నా పైసలు. అమ్ముకున్నది ఆయన. అడగవోతే పది మంది ముందల నవ్వులాట. ఎంతకు అమ్మిన్రు అని అడిగితే చెప్పలే. అక్కడ పనిచేసే పిలగాడు నన్ను గేటు దాక పంపీయనీకి వచ్చి, తల వంచుకొని, "పద్నాలుగు వేలకు పోయింది అక్కా" అన్నడు. నేను కట్టిన ఫీజు కాకుండ, నా పని మీద ఇంకో పద్నాలుగు వేలు.

ఇంటికొచ్చి మా బ్యాచోళ్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేసిన. రిటైర్ అయిన టీచరమ్మ ఒకామె గద్వాల చీర అంచును అద్దాలల్ల దించింది, సన్న సన్న మూలలు, ఎంత కష్టమో కోసినోళ్లకే తెలుస్తది. ఆమెకు కూడ "పగిలింది" అనే చెప్పిన్రు. లాంప్ షేడ్ చేసిన బీటెక్ పిలగాడికి "ఎగ్జిబిషన్‌కు పోయింది, వస్తది" అన్నరు, ఇంత వరకు రాలే. సోల్డర్ గడ్డలు కట్టినయి, సందులు పడ్డయి చేసినోళ్లకు మాత్రం అదే నాడు కవర్ల పెట్టి ఇచ్చి పంపించిన్రు. చేతుల నుంచి జారి పడేటియి అన్ని మంచియే ఎట్లయితయి?

మొదటి క్లాసుల ఈ సారే మాకు టిఫనీ అనే అమెరికా అద్దాల కళాకారుడి గురించి గొప్పగ చెప్పిండు. ఈ కాపర్ ఫాయిల్ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాల ఆ టిఫనీ దీపాలే. నిన్న రాత్రి నిద్ర పట్టక ఆ దీపాల గురించి చదువుకుంట పోతే తెలిసింది, వాటిల పేరున్న డిజైన్లు మస్తు గీసింది క్లారా డ్రిస్కాల్ అనే ఆమె. టిఫనీ దగ్గర అద్దాలు కోసే ఆడోళ్ల విభాగానికి ఆమె పెద్ద. ఆమె రాసిన ఉత్తరాలు బయటపడ్డంక, 2007ల న్యూయార్క్‌ల ప్రదర్శన పెట్టినప్పుడు గాని లోకానికి ఆమె పేరు సరిగ తెలియలే. అది చదివి నా కడుపు ఇంకింత మండింది. ఆ ఆడోళ్ల పేరు చెప్పకున్న గాని వాళ్లకు జీతమన్న ఇచ్చిన్రు. మేము ఎదురు పైసలు కట్టి పని చేసిపెట్టినం.

జడ్చర్ల ఇంటోళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు ముచ్చటపడి కొనుక్కున్నరు, పూజగదికి పెట్టుకున్నరు, పిట్టను ఇప్పించుకొని రానీకి నాకు మనసు రాదు. కాని ఆ క్లాసు దగ్గర ప్యానల్ కొనేటోళ్లు కూడ ఒక మాట అడగండి, ఇది ఎవరు చేసిన్రు అని. పేరు చెప్పమనండి.

ఇంకోటి కూడ రాయకుంటే నాకు మంచిగనిపియ్యదు. అక్కడ వాడే సోల్డర్ అరవై, నలభైది, అంటే అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం. ఆ బల్ల మీదనే చాయ్, సమోసలు పెడతరు. పొగ గుంజే ఫ్యాన్ లేదు. ఒకామె చిన్న పిల్లను తెచ్చుకుంటుండె, ఆ పిల్ల సోల్డర్ వైరుతోని ఆడుకుంటుండె, ఎవ్వరు ఒక్క మాట చెప్పలే. పిల్లల ఒంట్ల సీసం ఇంత ఉంటే ఫరవాలేదు అనే లెక్కనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. ఎక్కడ నేర్చుకున్నా పిల్లలను ఆ గదిలకు తీసుకపోకండి, సబ్బుతోని చేతులు కడగకుంట ఏమీ తినకండి.

చేరాలె అనుకునేటోళ్లు, ప్రాజెక్ట్ ఎవరిది అన్నది రసీదు మీదనే రాయించుకోండి. వాళ్లు రాసియ్యకపోతే ఆడికెల్లి లేచి రండి. చేసేటప్పుడు ప్రతి రోజు ఫొటో తీసుకోండి, ఫాయిల్ చుట్టక ముందు ఒక మూల ముక్క మీద మీ పేరులోని అక్షరం కట్టర్‌తోని చిన్నగ గీసుకోండి. సోల్డరింగ్ అయిన నాడే ఇంటికి తెచ్చుకోండి, ప్యాటినా లేకున్నా ఏం కాదు.

నేనైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించిన. దానితోని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోత. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపల ఉంటే అక్కడ కోర్టు ఫీజు లేదు, రెండేండ్ల లోపల వెయ్యొచ్చు. వకీలు లేకుంట మనమే వేసుకోవచ్చు. ఆ టీచరమ్మ నాతోని వస్త అన్నది. ముందటి బ్యాచ్‌లల్ల ఎవరికన్న ప్యానల్ "పగిలింది" అని చెప్పి ఉంటే, మీరు చేసేటప్పుడు తీసుకున్న ఫొటోలు, ఫీజు కట్టిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకొని నాకు మెసేజ్ చెయ్యండి. వాళ్ల పేజీల పాత వీడియోలు కూడ ఒకసారి మొత్తం చూడండి, మీది ఎవరింట్లనో కనబడొచ్చు. కనబడితే వెంటనే డౌన్‌లోడ్ చేసుకోండి, నా పాలపిట్ట వీడియో ఇయ్యాల పొద్దుగాల తీసేసిన్రు.